ఇల్లు మారేముందు మందుల సంగతి చూసుకోండి: హెచ్‌ఐవీ పాజిటివ్ వాళ్లకి అద్దె ఇంటి గైడ్

ఇల్లు మారుతున్నారా? సామాన్లు మూట కట్టకముందే ఒకసారి మీ ఏఆర్‌టీ సెంటర్‌కి, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే సెంటర్‌కి, వెళ్లి రండి. నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. మధ్యలో మందులు ఆపేసిన వాళ్లని కూర్చోబెట్టి ఎందుకాపావు అని అడిగి చూడండి, మందు పడలేదు అనేవాళ్లు తక్కువే ఉంటారు, "ఓనర్ ఖాళీ చేయమన్నాడండీ, ఊరు మారాం, సర్దుకున్నాక వెళ్దాంలే అనుకున్నా" అనేవాళ్లే ఎక్కువ. ఆ సర్దుకోవడం అన్నది ఒక పట్టాన అవ్వదు, ఈలోపు డబ్బా అయిపోతుంది, వెళ్తే కౌన్సెలర్ తిడతారేమో అని భయం, ఆ భయంలో ఇంకో రెండు నెలలు.

మన దగ్గర ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ నుంచి ఫ్రీగా ఇస్తున్నారు, 2017 నుంచి సీడీ4 (రోగాలతో పోరాడే రక్తకణాల లెక్క) ఎంతుందని చూడకుండా పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి ఇచ్చేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి. అది ఆపకుండా వేసుకుంటూ వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనపడని స్థాయికి దిగితే, అలాగే కొనసాగినంత కాలం సెక్స్ ద్వారా భాగస్వామికి అంటదు. ఇది డాక్టర్లు ధైర్యం కోసం చెప్పే మాట అనుకునేరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న విషయం. కాబట్టి భయం లేకుండా రోజూ మాత్ర మింగగలిగే ఒక గది దొరికిందంటే అది ఆ మనిషికి ట్రీట్‌మెంటూ, ఆ మనిషితో ఉండేవాళ్లకి నివారణా రెండూను. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో బతుకుతున్నారు, వాళ్లలో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. కండోమ్ గురించి వంద పోస్టర్లు చూశాం, ఇంటి గురించి ఒక్కటైనా చూశామా?

సరే, పనిలోకి వద్దాం.

ముందు ట్రాన్స్‌ఫర్ సంగతి. ఊరు పూర్తిగా మారుతుంటే మీ సెంటర్లో "ట్రాన్స్‌ఫర్ ఔట్ కావాలి" అని అడగండి, వెళ్లే ఊళ్లో ఏ సెంటర్ దగ్గరో వాళ్లే చూసి చెప్తారు, లెటర్ రాసిస్తారు. గ్రీన్ బుక్, అంటే మీ ట్రీట్‌మెంట్ వివరాలు రాసే పుస్తకం, మీ దగ్గరే ఉండాలి, అది పోతే పని ఆగదు గానీ లేటవుతుంది, అందుకని ప్రతి పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, ఫోన్ గ్యాలరీ అందరూ చూస్తారనుకుంటే లాక్ ఉన్న ఫోల్డర్లో వేసుకోండి. పని మీద కొన్నాళ్లకే వెళ్తున్నారనుకోండి, సంక్రాంతికి ఊరికో, కన్‌స్ట్రక్షన్ పనికి బెంగళూరుకో, అప్పుడు ట్రాన్స్‌ఫర్ అక్కర్లేదు, ఎన్నాళ్లుంటారో చెప్పి దానికి సరిపడా ముందే ఇమ్మనండి. వైరల్ లోడ్ బాగుండి క్రమంగా వచ్చేవాళ్లకి మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడికెళ్లాక అయిపోతే గ్రీన్ బుక్ పట్టుకుని ఆ ఊరి ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లండి, ట్రాన్సిట్ పేషెంట్ కింద మందు ఇస్తారు. అద్దె అగ్రిమెంట్ లేదు, కొత్త అడ్రస్ ప్రూఫ్ లేదు అన్న భయంతో గేటు దగ్గరే వెనక్కి తిరగొద్దు, బుక్ చూపించి మాట్లాడండి. ఏ ఊళ్లో సెంటర్ ఎక్కడో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు.

గల్ఫ్ అనుకునేవాళ్లకి ఒక్క మాట. అక్కడి వర్క్ వీసా మెడికల్‌లో హెచ్‌ఐవీ టెస్టు ఉంటుంది, పాజిటివ్ వస్తే అన్‌ఫిట్ రాసేస్తారు. ఏజెంట్ "మేనేజ్ చేస్తా" అని డబ్బు గుంజితే ఇవ్వకండి, ఎలాగోలా వెళ్లినా లేబర్ క్యాంపు గదిలో పదిమంది మధ్య మందు దాచుకుంటూ, అయిపోయాక ఎక్కడ తెచ్చుకోవాలో తెలియకుండా బతకాలి.

ఇక గది వెతకడం. టులెట్ బోర్డు చూసి ముందు అద్దె అడుగుతాం కదా, దాంతో పాటే సెంటర్‌కి ఎంత దూరమో కూడా లెక్కేసుకోండి. హైదరాబాద్‌లో అయితే గాంధీ, ఉస్మానియా, ఎర్రగడ్డ చెస్ట్ హాస్పిటల్ ఇలా సెంటర్లు ఉన్నాయి, పిల్లలకి నిలోఫర్. విజయవాడ, గుంటూరులో పెద్దాసుపత్రులు, వైజాగ్‌లో కేజీహెచ్. అయితే సెంటర్ పక్కనే ఉండాలని నేను అనను, నిజానికి చాలామందికి సెంటర్ ఉన్న ఏరియాలోనే ఉండటం ఇష్టముండదు, ఎవరైనా చూస్తారని, అది వాళ్లిష్టం. ఒక్క బస్సులో వెళ్లొచ్చేలా ఉంటే చాలు. ఆడవాళ్లకైతే తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆర్టీసీ బస్సు ఫ్రీ కాబట్టి కాస్త దూరమైనా తక్కువ అద్దె ఉన్న ఏరియా చూసుకోవచ్చు, మిగిలిన డబ్బు గుడ్లకీ పప్పుకీ పెట్టండి.

గదిలోకి వెళ్లాక నేను మొదట చూసేది కిటికీ. తలుపుకి ఎదురుగానో పక్కగానో ఇంకో కిటికీ ఉండి గాలి ఇటునుంచి అటు పోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ, టీబీ గాలి ఆడని గదుల్లోనే ఎక్కువగా పాకుతుంది, అందుకని ఐదొందలు తక్కువొస్తుందని సెల్లార్ లాంటి గదిలోకో, కిటికీ పక్కింటి గోడకి ఆనుకుని ఉన్న పోర్షన్‌లోకో దిగొద్దు. చెమ్మ పట్టిన గోడ, నల్లాకి దగ్గర్లో డ్రైనేజీ, ఇవి కూడా చూడండి, సీడీ4 తక్కువున్నప్పుడు విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రిలో పడాల్సిందే. మొహమాటపడకుండా నీళ్లు కాచుకుని తాగండి. రేకుల గది అయితే ఎండాకాలం లోపల ఎంత వేడో తెలుసు కదా, మందు డబ్బా మీద 30 డిగ్రీలకి మించకుండా ఉంచమని రాసి ఉంటుంది, కాబట్టి డబ్బాని రేకుకి దగ్గరగా అటక మీద పెట్టకుండా కింద, గోడ నీడన, కుండ పక్కన కాస్త ఎడంగా పెట్టుకోండి. తడి తగలకూడదు, బాత్రూమ్ గూట్లో అసలే వద్దు.

కామన్ బాత్రూమ్ ఉంటే ఏమవుతుందని కొందరు అడుగుతారు. ఏమీ కాదు. బాత్రూమ్, పళ్లెం, గ్లాసు, దోమ, దగ్గు, ఒకే మంచం, వీటి వల్ల హెచ్‌ఐవీ రాదు. రేజరు, టూత్ బ్రష్ ఎవరివి వాళ్లకి ఉండాలి, అది ఏ ఇంట్లోనైనా ఉండాల్సిన పద్ధతే.

ఓనర్‌కి చెప్పాలా? చెప్పక్కర్లేదు. ఇది మోసం చేసినట్టు కాదా అని చాలామంది మనసులో పీక్కుంటారు, ఓనర్‌కి కావాల్సింది అద్దె, ఆధార్ కాపీ, ఇల్లు జాగ్రత్తగా చూసుకోవడం, మీ రక్తంలో ఏముందో ఆయనకి సంబంధం లేదు. హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 3 ప్రకారం హెచ్‌ఐవీ ఉందని ఇల్లు అద్దెకివ్వను, అమ్మను, ఖాళీ చెయ్యి అనడం వివక్ష కిందకి వస్తుంది, పాజిటివ్ మనిషికే కాదు వాళ్లతో కలిసుండే ఇంట్లోవాళ్లకీ ఈ రక్షణ ఉంది. సెక్షన్ 8 ప్రకారం కోర్టు అవసరమని ఆర్డరేస్తే తప్ప నీ స్టేటస్ చెప్పి తీరాలి అని ఎవరూ బలవంతం చేయకూడదు.

చట్టం అలా ఉంటుంది, ఓనర్ ఆంటీ ఇంకోలా ఉంటుంది. ముఖ్యంగా భర్త పోయిన ఆడమనిషి ఇంటికోసం వెళ్తే ఆ వాకిట్లోనే ఇంటర్వ్యూ మొదలవుతుంది, "ఏమ్మా, మీ ఆయన ఎలా పోయాడు, ఏం వయసు, పుట్టింటి వాళ్లు లేరా, ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా". ఇక్కడ పెద్ద కథ అల్లొద్దు, అల్లిన కథ గుర్తుపెట్టుకోవడం పిల్లలకి కూడా బరువే. "ఆరోగ్యం బాగోక పోయారు ఆంటీ, నేను ఫలానా చోట పని చేస్తున్నా, అద్దె ఐదో తారీకులోపు మీ చేతిలో పెడతా" అని మాటని అద్దె వైపు తిప్పేయండి. అద్దె మాట రాగానే మిగతా ప్రశ్నలు సగం ఆగిపోతాయి, నేను చూసినంతలో. నెలనెలా ఆసుపత్రికి ఎందుకంటే "చెకప్ ఉందండీ" అంతే, కొందరు షుగరు అని చెప్తారు, తర్వాత ఆ ఆంటీనే ప్రేమగా చక్కెర లేని టీ ఇస్తూ మీ షుగర్ ఎంతుంది అని రోజూ అడుగుతుంది, ఎందుకొచ్చిన గోల.

అగ్రిమెంట్ రాయించుకోండి, పదకొండు నెలలదే అయినా సరే, స్టాంప్ పేపర్ ఖర్చు చూసి వద్దనుకోవద్దు. అడ్వాన్స్ ఎంతిచ్చారో, ఖాళీ చేసేముందు ఎన్నాళ్లు నోటీసో, కరెంటు మీటరు రీడింగ్ ఎంతో అందులో రాయించండి. అద్దె ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పంపండి, చేతికిస్తే రసీదు తీసుకోండి. ఎందుకంటే రేపు ఎవరో ఏదో మోశారని ఓనర్ బుద్ధి మారితే అసలు కారణం చెప్పడు, "నువ్వు అద్దె సరిగ్గా ఇవ్వట్లేదు" అంటాడు, అప్పుడు మీ ఫోన్‌లో ఉన్న ఆ పేమెంట్ లిస్టే మీ తరఫు సాక్షి.

హాస్టల్, పీజీ, నలుగురు కలిసి తీసుకున్న రూమ్ అయితే అసలు కష్టం మాత్ర వేసుకునే టైము. ఇదివరకు ఎఫావిరెంజ్ ఉన్న మందు రాత్రి పడుకునేముందు వేసుకోమనేవాళ్లు, తల తిరిగేది, కలలొచ్చేవి, పైగా రాత్రంటే రూమ్‌మేట్లంతా అక్కడే ఉండే టైము. టీఎల్‌డీకి ఆ గొడవ లేదు, తిని వేసుకున్నా తినకుండా వేసుకున్నా పర్లేదు, రోజూ ఒకే టైమైతే చాలు. కాబట్టి గది ఖాళీగా ఉండే టైమో, పని దగ్గర టిఫిన్ చేసే టైమో చూసుకుని, కౌన్సెలర్‌కి ఒక మాట చెప్పి దానికి మార్చుకోండి. డబ్బా కదిపితే లోపల మాత్రలు గలగలమంటాయి, బ్యాగులో పెట్టి నడుస్తుంటే ఆ చప్పుడుకే గుండె జారుతుంది అనేవాళ్లున్నారు. చేతిరుమాలు చుట్టి పెట్టండి, చప్పుడు రాదు. డబ్బాలో చిన్న పొట్లం ఉంటుంది, చెమ్మ పీల్చుకునేది, అది పారేయొద్దు. లేబుల్ చింపేసేవాళ్లు ఎక్కువ, సెంటర్ బయట చెత్తబుట్ట చూస్తే తెలుస్తుంది, చింపాలనిపిస్తే ముందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ కనిపించేలా ఫోటో తీసుకోండి. మాత్రలన్నీ తీసి ఏ కాగితంలోనో చుట్టేయడం మాత్రం చేయొద్దు, చెమ్మ పడితే పాడైపోతాయి. ఒకపూట మర్చిపోతే గుర్తు రాగానే వేసుకోండి, మర్నాటి టైము దగ్గర పడిపోయుంటే దాన్ని వదిలేయండి, రెండు కలిపి మాత్రం మింగొద్దు.

ఇంకొకటి, ఉన్న చోట ఒక్క మనిషికైనా విషయం తెలిసుండాలని నా అభిప్రాయం. ఓనరే అవ్వక్కర్లేదు, అదే ఊళ్లో ఉన్న చెల్లెలో, పాజిటివ్ నెట్‌వర్క్‌లో (పాజిటివ్ వాళ్ల సంఘంలో) పరిచయమైన అక్కో, కౌన్సెలరో ఎవరైనా. జ్వరమొచ్చి గదిలో తలుపేసుకుని పడుంటే ఫోన్ ఎత్తట్లేదని వచ్చి తలుపు కొట్టేవాళ్లు ఒకరు కావాలి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ టెస్టుకి లాక్కెళ్లేదీ వాళ్లే.

ఇప్పుడు చెడ్డ సందర్భం. తెలిసిపోయింది, ఖాళీ చేయమంటున్నారు. మొదట ఆ రాత్రికి ఆ రాత్రే సామాను సర్దుకుని వెళ్లిపోకండి, చాలామంది పరువు పోతుందని అలాగే చేస్తారు, అడ్వాన్స్ పోతుంది, మందు బ్యాగు ఎక్కడో పోతుంది. కోర్టు ఆర్డర్ లేకుండా మీ సామాను బయట పడేసే హక్కు, తాళం మార్చేసే హక్కు ఓనర్‌కి లేదు, మీదకొస్తే 112కి ఫోన్ చేయండి. మెసేజ్‌లు, కాల్ రికార్డింగ్‌లు దాచుకోండి. హెచ్‌ఐవీ చట్టం కింద ప్రతి రాష్ట్రంలోనూ అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని ఆర్డర్ ఇచ్చే అధికారి, ఉండాలి, జిల్లా ఎయిడ్స్ నియంత్రణ ఆఫీసులో అడిగితే ఎవరికి ఎలా ఫిర్యాదు చేయాలో చెప్తారు. చట్టంలో పెట్టిన గడువు 30 రోజులు, ఆ లోపు ఆర్డర్ ఇవ్వాలి, ఆ ఆర్డర్ వినకపోతే పదివేల వరకు జరిమానా, ఇంకా వినకపోతే రోజుకి ఐదువేల వరకు. కేసు కోర్టుకెళ్లినా మీ పేరు బయటకి రాకుండా మారుపేరుతో నడపమని, తలుపులేసి విచారించమని అడగొచ్చు, సెక్షన్ 34లో ఉంది. లాయర్‌కి డబ్బుల్లేవంటే 15100, న్యాయ సేవాధికార సంస్థది, ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయం ఎంతున్నా ఉచితమే.

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లోనే పోట్లాడి ఉండటం అందరికీ కుదరదు, రోజూ ఆ మొహాలు చూస్తూ ఎవరుంటారు. అప్పుడు కౌన్సెలర్‌నో నెట్‌వర్క్ వాళ్లనో మధ్యవర్తిగా పెట్టి, అడ్వాన్స్ పూర్తిగా ఇచ్చేలా, ఇంకో గది దొరికేదాకా నెల టైమిచ్చేలా మాట్లాడుకోవడం కూడా గెలుపే. బస్తీ అంతా చాటింపు వేస్తానని బెదిరిస్తే మాత్రం తగ్గొద్దు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టేలా ప్రచారం చేస్తే ఈ చట్టంలోనే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లక్ష వరకు జరిమానా ఉంది, ఆ ముక్క ఎదుటివాళ్లకి వినిపించండి.

బయట ఓనర్ కంటే అత్తింటి వాళ్లు గెంటేసిన కేసులే నాకు ఎక్కువ బాధ. కొడుకు పోగానే కోడలికి పళ్లెం వేరు, మంచం వరండాలో, నెల తిరక్కుండా పుట్టింటికి పొమ్మనడం. అమ్మా, వెళ్లాల్సి వస్తే గ్రీన్ బుక్, మందులు, ఆధార్, రేషన్ కార్డు, భర్త డెత్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి. ఆ గొడవలో ఎవరు ఎంత ఏడ్చి అడిగినా ఖాళీ కాగితం మీదో, చదవని కాగితం మీదో సంతకం, వేలిముద్ర పెట్టొద్దు. 2005 గృహహింస చట్టం సెక్షన్ 17 ప్రకారం కలిసున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది, ఇల్లు అత్తమామల పేరు మీదున్నా ఆ మాట చెప్పి గెంటడం కుదరదు. భర్త ఆస్తిలో భార్యకీ పిల్లలకీ వాటా ఉంటుంది. 181కి ఫోన్ చేస్తే కష్టంలో ఉన్న ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్‌కి కలుపుతారు, కొన్నాళ్లు ఉండటానికి చోటు కూడా అక్కడి నుంచే చూస్తారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన ఇళ్లలో పెద్దపిల్లే తమ్ముళ్లని చూసుకుంటుంటుంది కదా, ఈ హెచ్‌ఐవీ చట్టం 12 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లల్ని కూడా, తెలివిగా ఇల్లు నడుపుతుంటే, తోబుట్టువులకి గార్డియన్‌గా ఒప్పుకుంటుంది, స్కూల్లో చేర్పించడానికి, బ్యాంకు ఖాతాకి, ఆస్తి చూసుకోవడానికి, వైద్యానికి. బాబాయిలు వచ్చి ఇల్లు రాయించుకోబోయేముందే ఎవరైనా ఆ పిల్లకి ఈ సంగతి చెప్పాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా గుర్తుపెట్టుకోండి.

హిజ్రాలకి, సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్లకి గది దొరకడం ఇంకా కష్టం, దొరికినా డబుల్ అద్దె. గది లేని రోజు ఎవరింట్లోనో పడుకోవాలంటే కండోమ్ అడిగే ధైర్యం ఎక్కడుంటుంది, నివారణ తెగిపోయేది అక్కడే. ట్రాన్స్‌జెండర్ చట్టం 2019 కూడా అద్దెకివ్వడంలో వివక్ష కూడదంది. మీ ఏరియాలో టీఐ ప్రాజెక్టు (మీలాంటి వాళ్ల మధ్యే హెచ్‌ఐవీ నివారణ పని చేసే ప్రాజెక్టు) వాళ్లుంటే కండోమ్‌లు, టెస్టులతో పాటు ఎవరు ఇల్లిస్తున్నారో కూడా వాళ్లకే తెలుస్తుంది, అడగండి. సిటీల్లో మున్సిపాలిటీ నైట్ షెల్టర్లున్నాయి, ఒకట్రెండు రాత్రులకి రోడ్డు కంటే నయం, మందు మాత్రం ఒంటి మీదే ఉంచుకోండి, తలకింద బ్యాగులో పెట్టొద్దు.

అద్దెకి డబ్బుల సంగతి. ఏపీలో ఏఆర్‌టీ వాడేవాళ్లకి ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 4000 రూపాయలు, తెలంగాణలో ఆసరా కింద 2016 రూపాయలు పెన్షన్ వస్తుంది, దరఖాస్తు దారి మీ సెంటర్ కౌన్సెలర్‌కి తెలుసు. ఊళ్లో అందరి ముందూ తీసుకోవడం ఇబ్బందైతే ఆ మాట కూడా వాళ్లతోనే ముందే చెప్పండి. సొంతింటి పథకాలకి అప్లై చేసేటప్పుడు హెచ్‌ఐవీ అని ఎక్కడా రాయాల్సిన పని లేదు, భర్త పోయినవాళ్లు, ఒంటరి మహిళలు ఆ కాలమ్‌లోనే రాసుకోండి, తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు ఎలాగూ ఆడవాళ్ల పేరు మీదే ఇస్తారు, సొంత జాగా ఉంటే ఐదు లక్షలు.

ఒకవేళ ఇల్లు వచ్చిందే అనుకుందాం, కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ లాగా సిటీకి అవతల. తాళం చేతికి రాగానే గృహప్రవేశం ముహూర్తం అడుగుతారు కదా, దానికి ముందు రోజు మీ సెంటర్‌కి వెళ్లి అక్కడికి దగ్గర్లో లింక్ ఏఆర్‌టీ సెంటర్ ఏదైనా ఉందా, నెల నెలా మందు అక్కడే తీసుకుని వైరల్ లోడ్ టెస్టుకి మాత్రం ఇక్కడికి వస్తే సరిపోతుందా అని అడగండి, సరిపోకపోతే పొద్దున్నే ఓపీ టైముకి అందే బస్సు ఏదో కనుక్కుని, మూడు నెలల మందు రాయించుకుని అప్పుడు పాలు పొంగించుకోండి.